తొమ్మిది వరసలు

నలభై ఒకటో ఏట నాకు అక్షరాలు వచ్చాయి. నలభై ఎనిమిదో ఏట అవే అక్షరాలతో ఒక అబద్ధం రాశాను. నోటితో చెప్పిన అబద్ధాలు అంతకుముందు చాలానే ఉన్నాయి, అవి గాలికి పోయాయి. రాసింది మాత్రం పోలేదు.

అప్పట్లో నేను అమలాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆయాగా పనిచేసేదాన్ని. గదులు ఊడవడం, కుండలు నింపడం, కెమిస్ట్రీ ల్యాబులో గాజు సామాను కడిగి బోర్లించడం నా పని. మా ఆయన కాలవ మీద లస్కరు. లాకుల దగ్గర తలుపులు ఎత్తడం దించడం, నీటిమట్టం చూసి రిజిస్టరులో రాయడం ఆయన ఉద్యోగం. ఆయన పోయాక ఆ లాకుల క్వార్టరు ఖాళీ చేసి అమలాపురం వచ్చాను. మా పేటలో పెద్దవాళ్లకు సాయంత్రం పూట బడి పెడితే వెళ్లి పలక పట్టాను. చదవడం వచ్చిన మొదటి సంవత్సరం బస్సు మీద బోర్డు చదవకుండా బస్సు ఎక్కేదాన్ని కాదు, అది ఏ ఊరిదో ముందే తెలిసినా సరే.

ల్యాబు వెనక ఒక చిన్న గది ఉండేది. అందులో ఆఫీసువాళ్లు పాతబడిందని తీసేసిన కంప్యూటరు ఒకటి పెట్టుకుని కెమిస్ట్రీ మేడంగారు పీహెచ్‌డీ పని చేసుకునేవారు. ఆవిడది రాజోలు వైపు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. కాలేజీకి దగ్గరలోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. విశాఖపట్నంలో యూనివర్సిటీకి థీసిస్ ఇవ్వవలసిన గడువు రెండుసార్లు పొడిగించారట. డిసెంబరు ఆఖరుకు ఇవ్వకపోతే పేరు తీసేస్తారు, ఎనిమిదేళ్ల చదువు నీళ్లలో కలుస్తుంది. ఈ సంగతి కాలేజీలో అందరికీ తెలుసు. స్టాఫ్ రూములో కొందరు, "మేడంగారి పీహెచ్‌డీ, కోటిపల్లి వంతెన ఏది ముందండీ?" అని నవ్వుకునేవారు. ఆ వంతెన ఎన్నేళ్లుగానో మాటల్లోనే ఉంది.

మందు సీసాల మీద చెరిగిపోయిన చీటీలు నేను తిరిగి రాసి అంటించడం ఆవిడ ఒకరోజు చూశారు.

"ఆయమ్మా, ఈ అంకెలు మీరే వేసేరా?"

"ఆయ్. తప్పులున్నాయాండి?"

"తప్పులు కాదండి. నా అంకెల కంటే గుండ్రంగా ఉన్నాయి. నాకొక పని చేసి పెడతారా?"

ఆ సాయంత్రం గదిలోకి తీసుకెళ్లి కంప్యూటరులో ఒక బొమ్మ చూపించారు. ఎర్ర చుక్కలు, పసుపు చుక్కలు. కొన్నిచోట్ల కలగలిసి, కొన్నిచోట్ల ఎర్రవన్నీ ఒక ముద్దగా చేరి ఉన్నాయి.

"ఏంటండి ఇది, ముగ్గా?"

"కాదండి. మన ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ ఒక పొర ఉంటుంది. పాల మీద మీగడ కంటే ఎన్నో వేల రెట్లు పల్చన. అది కొవ్వుతో అయిందే. అందులో రెండు మూడు రకాల కొవ్వులుంటాయి. వేడిగా ఉంటే అన్నీ కలిసి తిరుగుతాయి. కాస్త చల్లబడితే ఒక రకంవన్నీ ఒకచోట చేరతాయి, గోదాట్లో లంకల్లాగ."

"మా చెల్లెలు వాళ్లుండే లంకలాగాండి?"

"ఆయ్. కాకపోతే ఇవి తేలే లంకలు. అటూ ఇటూ కదులుతా ఉంటాయి. దగ్గరపడితే ఒకదాన్నొకటి కలిపేసుకుంటాయి. పెద్దది పెరిగే కొద్దీ చిన్నవి కరిగిపోతాయి."

"ఎందుకండి అలాగ?"

"అంచు తక్కువ చేసుకుందామని. ఎన్ని చిన్న లంకలుంటే అంత అంచు. అంచు ఉన్నంతసేపూ దానికి సుఖం లేదు."

ఆ మాట నాకు బాగా అర్థమైంది. లంకలో బతికేవాళ్లకు అంచు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

"మరి వీటిని చూసేరాండి ఎవరైనా?"

"అంత చిన్నవి కంటికి కాదు కదా, మామూలు మైక్రోస్కోపుకి కూడా ఆనవండి. అంచేతే లెక్కకట్టి చూడ్డం. కొన్ని రోగాల క్రిములు ఈ లంకల మీద దిగే కణంలోకి దూరతాయని అంటన్నారు. ఎలా పుడతాయో, ఎలా కలుస్తాయో తెలిస్తే దానికో దారి దొరుకుతుంది కదా."

ఒక రకం రోగం మన ఒంట్లో దిగడానికి రేవు ఎక్కడుందో వెతుకుతోంది ఈవిడ, అనుకున్నాను. నా చేతుల వైపు ఒకసారి చూసుకున్నాను. ఈ చర్మం లోపల కంటికి ఆనని లంకలు కలుస్తూ కరుగుతూ ఉన్నాయన్నమాట.

పని ఏమిటంటే, కంప్యూటరు రాత్రీ పగలూ ఆగకుండా నెలకు పైగా లెక్క కడుతుంది. చుక్కల్ని ఒకదాని చోట ఒకటి మార్చి చూసుకుంటూ పోతుంది. గంటకు ఒక వరస నల్లటి తెర మీద పడుతుంది. వరసలో మూడు అంకెలు. ఎన్ని మార్పులు చూసింది, పొర మొత్తంలో శక్తి ఎంత, అన్నిటికంటే పెద్ద లంకలో ఎన్ని చుక్కలున్నాయి. తెర మీద ఇరవైనాలుగు వరసలే పడతాయి. ఆ పైన కొత్తది వస్తే పైనున్న పాతది కనబడకుండా పోతుంది. పొద్దున్నా సాయంత్రం వాటిని నోట్‌బుక్కులోకి ఎక్కించాలి.

"అందులోనే దాచుకోదాండి అది?"

"దాచుకుంటుంది. కానీ పోయినేడు ఫ్లాపీలకి బూజు పట్టి మొత్తం పోయిందండి. మన కోనసీమ చెమ్మకి కాయితమే నయం."

శ్రావణమాసం ముందు మొదలుపెట్టాం. కరెంటు పోతే ఆగకుండా లారీ బ్యాటరీలు పెట్టారు. నేను పొద్దున్న ఎనిమిదికి, సాయంత్రం ఐదుకు స్టూలు మీద కూచుని రాసేదాన్ని. పెద్ద లంక రోజురోజుకీ పెరుగుతోంది. నూట ఎనభై, రెండువందల పది, రెండువందల నలభై. ముసలి వాచ్‌మన్‌కి నన్ను ఆట పట్టించడం ఒక కాలక్షేపం.

"ఏటండి కలెక్టరమ్మగారూ, ఇయ్యాళ తవరి లంక ఎంత పెరిగింది?"

"పన్నెండు చుక్కలు."

"పుణ్యం చేసుకుందండి. మా లంకలయితే ఏటా ఒక కొబ్బరి వరస తరుగుతున్నాయి. తవరి మిషనుకి చెప్పి కాస్త మా వైపు కూడా పెంచమనండి."

ఇరవయ్యో రోజున చెల్లెలి దగ్గర నుంచి కబురు వచ్చింది. వాళ్ల లంక కొత్తపేట దాటాక గౌతమిలో ఉంది. వరద పెరుగుతోంది, గట్టు కోసుకొస్తోంది, ఇంటికీ అంచుకీ మధ్య రెండు కొబ్బరి చెట్లే మిగిలాయి, వచ్చి పొమ్మని పాలు పోసే మనిషితో చెప్పి పంపింది. మేడంగారు ఊళ్లో లేరు. గైడుగారిని చూడడానికి విశాఖపట్నం వెళ్లారు, మూడోరోజుకు వస్తారు. సెలవు కావాలంటే కాలేజీ సెక్రటరీగారిని అడగాలి. అడిగితే ఇవ్వరు, అడగకుండా వెళ్తే ఉద్యోగం ఉండదు.

వాచ్‌మన్ అన్నాడు: "ఎల్లండి. ఎవరైనా అడిగితే నీళ్లకెళ్లేరని చెప్తాను. సాయంకాలానికి వచ్చేయండి, అంతే."

ఎనిమిది గంటల వరస రాశాను. పెద్ద లంక మూడువందల పన్నెండు. తలుపు దగ్గరగా వేసి బస్సెక్కాను.

పడవ దిగేసరికి చెల్లెలు గట్టు మీద ఎదురొచ్చింది. చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. రెండు చెట్లలో ఒకటి అప్పటికే లేదు. నీళ్లు ఎర్రగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. గోదారి కోసేటప్పుడు పైన ఏమీ కనిపించదు. అడుగున తినుకుంటూ వస్తుంది. పైన గడ్డి పచ్చగా ఉంటుంది, కోళ్లు తిరుగుతుంటాయి, ఉన్నట్టుండి మంచమంత మట్టి పెళ్ల నిలువునా జారిపోతుంది. మా మరిది ఒక కొబ్బరి మట్ట అంచున పాతి, దాన్ని చూస్తూ కూచున్నాడు.

"పొద్దుణ్ణుంచి మూడోసారి పాతేనొదినా. మట్ట ఎళ్లిపోద్ది, మళ్లీ ఇటు జరిపి పాతతాను."

సామాను కట్టడంలో సాయం చేశాను. మధ్యాహ్నం ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఇచ్చారని పడవలు ఆపేశారు. సాయంత్రం ఐదు అయింది, ఆరు అయింది. అవతల ఒడ్డున వెళ్లే బస్సుల దీపాలు కనిపిస్తున్నాయి. నా మనసు తెర మీద ఉంది. ఒక్కొక్క గంటకీ ఒక్కొక్క వరస పైకి జరిగి, పై అంచున చేరి, పోతూ ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నానికి పోలీసులు పెద్ద పడవ తెచ్చి ఆడవాళ్లనీ పిల్లల్నీ దాటించారు. నేను కాలేజీ చేరేసరికి ఐదు దాటింది. తెర మీద ఇరవైనాలుగు వరసలున్నాయి. మొదటిది ముందురోజు సాయంత్రం ఆరు గంటలది. అంటే ముందురోజు పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా తొమ్మిది వరసలు పోయాయి. నోట్‌బుక్కులో ఆఖరి అంకె మూడువందల పన్నెండు. తెర మీద మొదటి అంకె మూడువందల డెబ్భై ఒకటి.

నేను అప్పుడు చేసింది చెప్పాలంటే లాకుల సంగతి చెప్పాలి. లస్కరు రోజుకు ఇన్నిసార్లని నీటిమట్టం గేజి చూసి రాయాలి. ఎండలో వానలో ఎప్పుడైనా ఒక పూట చూడడం కుదరదు. రిజిస్టరులో గడి ఖాళీగా వదిలితే సూపర్‌వైజరు మెమో ఇస్తాడు. అందుకని వాళ్లందరికీ ఒక అలవాటు. చూడని పూటకు ముందు పూట అంకే వేసేస్తారు. అయితే వరసగా అదే అంకె వేస్తే దొరికిపోతారు. మా ఆయన బుగ్గన పొగాకు పెట్టుకుని నవ్వుతూ చెప్పేవాడు: "నీళ్లెప్పుడూ కదలకుండా ఉండవే. ఓ పాయింటు ఎక్కువ, ఓ పాయింటు తక్కువ వేస్కుంటా పోవాలి. అప్పుడది నిజంలాగుంటది." ఆ కాలవలో నీళ్లు ఒక పూటలో పెద్దగా మారేవి కావు. ఆ రాతల వల్ల ఎవరి పొలమూ ఎండలేదు, ఎవరి పొలమూ మునగలేదు. తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఖాళీ గడే తప్పనుకున్నాను.

పెన్సిలు తీసుకుని రాశాను. మూడువందల పన్నెండు, పదమూడు, పన్నెండు, పదకొండు, పన్నెండు, పన్నెండు, పదమూడు, పదకొండు, పన్నెండు. మార్పుల అంకె ఎప్పుడూ ఒకే లెక్కన పెరుగుతుంది కాబట్టి అది సులువు. శక్తి అంకె కూడా కాస్త అటూ ఇటూ వేశాను. కింద తెర మీది వరసలు ఎక్కించాను. పేజీ నిండుగా, శుభ్రంగా ఉంది. చెయ్యి వణకలేదు. ఆ సంగతే తరవాత నన్ను ఎక్కువ భయపెట్టింది.

చెల్లెలి ఇల్లు ఆ వారమే పోయింది. వాళ్లు కొత్తపేటలో ఒక కొబ్బరి కొట్టు పక్కన రేకుల షెడ్డులోకి మారారు. రెండోరోజు కూడా వాచ్‌మన్ ఏదో చెప్పి సర్దడంతో కాలేజీలో నేను లేని సంగతి ఎవరికీ తెలియలేదు. కంప్యూటరు లెక్క పూర్తయింది. మేడంగారు అంకెలన్నీ ఫ్లాపీలోకి ఎక్కించుకోకముందే, సెప్టెంబరులో పట్టపగలు ఒక పిడుగు పడింది. గదిలో ప్లగ్గు నల్లగా మాడిపోయింది. రాజమండ్రి నుంచి వచ్చిన మెకానిక్ డిస్కు చేతిలో పట్టుకుని ఆడించి, "దీంట్లో ఇంకేం మిగల్లేదండి మేడం" అన్నాడు.

ఆవిడ మాడిన ప్లగ్గు పీకి బల్ల మీద పెట్టారు. తరవాత నా వైపు తిరిగారు.

"ఆయమ్మా, నోట్‌బుక్ ఉందా?"

బీరువాలోంచి తీసిచ్చాను. ఆవిడ దాన్ని రెండు చేతులతో తీసుకుని గుండెకు ఆనించుకున్నారు. స్టాఫ్ రూములో అందరికీ చూపించి, "మా ఆయమ్మే లేకపోతే నా పని అయిపోయేదండి" అన్నారు. నేను ఖాళీ గ్లాసులు ఏరుకుని బయటికి వచ్చేశాను.

నాలుగు రోజుల తరవాత ఆవిడ నన్ను పిలిచి గ్రాఫు కాయితం చూపించారు. చుక్కలు పెట్టి కలిపిన గీత మెట్లమెట్లుగా పైకి పోతోంది. మధ్యలో ఒకచోట బల్లపరుపుగా ఉండి, ఒక్కసారిగా లేచింది.

"ఇక్కడ చూడండి. తొమ్మిది గంటలు ఆగిపోయింది! ఊపిరి బిగబట్టినట్టు. తరవాత ఒక్కసారిగా అరవై చుక్కలు పెరిగింది. అంటే రెండు పెద్ద లంకలు ఎదురెదురుగా వచ్చి నిలబడిపోయేయన్నమాట. కలవడానికేదో అడ్డుపడింది. ఏదో ఉంది అక్కడ."

నేను ఆ బల్లపరుపు గీత మీద వేలు పెట్టాను.

"ఎక్కడోనండి ... అంకెలు రాసేటప్పుడు ..."

"మీరు భయపడకండి, తప్పులేం లేవు. అన్నీ ఎంత చక్కగా ఉన్నాయో!"

ఆ గ్రాఫు విశాఖపట్నం వెళ్లింది. అక్టోబరులో గైడుగారి ఉత్తరం వచ్చింది. ఇన్నాళ్లకు థీసిస్‌కు ప్రాణం వచ్చిందనీ, ఆ తొమ్మిది గంటల ఆగుడు మీదే ఒక అధ్యాయం రాయమనీ. ఆవిడ ఆ ఉత్తరం చేత్తో పట్టుకునే క్లాసుకు వెళ్లారు. ఆ వారంలో ఆవిడ నడక మారింది. పాత చీరలే కట్టినా కొత్తగా కనిపించేవారు. వంతెన జోకు వేసేవాళ్లు మానేశారు.

నేను వాచ్‌మన్‌తో చెప్పాను. అతను బీడీ ఆర్పేసి చుట్టూ చూశాడు.

"నోరు మూసుకోండి. తవరు లేరని బయటపడితే గేటు కాడ అబద్ధం చెప్పింది నేను. సెక్రటరీగారు ఇద్దర్నీ ఒక్క సంతకంతో పంపేస్తారు. నాకీ వయసులో ఎవడిత్తాడు పని?"

"ఆవిడ డిగ్రీ అండి అది. రేపు పెద్ద పెద్దోళ్లు అడుగుతారు. ఇంకోళ్లు ఎక్కడో ఇదే లెక్క కట్టి చూత్తే?"

"చూత్తే చూత్తారు. కంటికి కనపడని లంకలు! తొమ్మిది గంటలు ఆగితే ఎవడికి, ఆగకపోతే ఎవడికండి?"

అప్పటి నుంచి నిద్రలో గీత కనిపించేది. బల్లపరుపుగా, నిశ్శబ్దంగా, పైన గడ్డి పచ్చగా. ఆవిడ దాని మీద ఇల్లు కట్టుకుంటున్నారు. అడుగున ఏమీ లేదని నాకొక్కదానికే తెలుసు. క్రిములు దిగే రేవు ఎక్కడుందో వెతికే మనిషికి నేను లేని రేవు చూపించాను.

దీపావళి వెళ్లిన రెండోరోజు మధ్యాహ్నం ఆవిడ ల్యాబులో ట్రేసింగ్ కాయితం పరిచి, సిరా కలంతో గ్రాఫు తయారుచేస్తున్నారు. థీసిస్‌లో పెట్టేది అదే. గీత మూడువందల పన్నెండు దాకా వచ్చింది. అక్కడ నుంచి బల్లపరుపు గీయడానికి స్కేలు ఆనించారు. నేను సింకు దగ్గర కుళాయి కట్టేశాను.

"మేడంగారూ, అక్కడ గియ్యకండి."

"ఏం?"

"ఆ తొమ్మిదీ నేను చూళ్లేదండి. నేనే వేసేను."

ఆవిడకు వెంటనే అర్థం కాలేదు. నవ్వుతూనే, "ఏంటి వేసేరు?" అన్నారు. వరద, పడవ, గేజి, మా ఆయన అలవాటు, అన్నీ చెప్పాను. వాచ్‌మన్ మాట ఒక్కటి చెప్పలేదు. ఎవరికీ చెప్పకుండా నేనే వెళ్లానన్నాను. చెబుతుండగా కలం మొన దగ్గర సిరా బొట్టు కట్టి కాయితం మీద పడింది. ఆవిడ దాన్ని చూడలేదు.

"మరి ఇన్నాళ్లూ?" అన్నారు చివరికి.

"భయమేసిందండి."

"ఎవరంటే? నేనంటేనా?"

"మీ సంతోషం చూసండి."

ఆవిడ లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చారు. నోట్‌బుక్ తెరిచి నా ముందు పెట్టారు. "ఏవేవి?" అన్నారు. నేను తొమ్మిదింటి పక్కనా పెన్సిలుతో గీతలు పెట్టాను. తరవాత ఆవిడ సగం బ్లేడు తీసుకుని, ట్రేసింగ్ కాయితం మీద పడిన సిరా బొట్టు గీకడం మొదలుపెట్టారు. ట్రేసింగ్ మీద తప్పుపడితే అలాగే గీకుతారు. బొట్టు పోయాక కూడా గీకుతూనే ఉన్నారు. కాయితం అక్కడ చిరిగింది.

మర్నాడు నన్ను పిలిచారు.

"లెక్క మళ్లీ పెడుతున్నానండి. పెద్ద లంకలు కలిసింది ఇరవయ్యో రోజు కదా. అందాకా నడిచినా చాలు. నవంబరు ఆఖరుకి తెలుస్తుంది. టైపింగుకి డిసెంబరు ఉంటుంది."

"మళ్లీ అలాగే వస్తదాండి?"

"అచ్చంగా అలాగే రాదు. మొదలుపెట్టే అంకె మిషను తన గడియారంలోంచి తీసుకుంటుంది, అందుకే లెక్క ఒక్కో పరుగూ ఒక్కోలా నడుస్తుంది. కానీ నిజంగా అడ్డేదైనా ఉంటే, ఇప్పుడూ ఆగుతుంది."

"రాయడానికి ఇంకెవరినైనా చూసుకోండి."

"ఇంకెవరున్నారండి నాకు?" అన్నారు ఆవిడ, కోపంగానో దిగులుగానో నాకు తెలియలేదు.

మెకానిక్ ఆ మిషన్‌ను డిస్కు లేకుండా ఫ్లాపీ మీదే నడిచేలా చేశాడు. దాచుకోవడానికి చోటు లేదు. తెర మీద పడిందే ఉంది, నేను రాసిందే ఉంటుంది. ఈసారి నేను పొద్దున్నా సాయంత్రమే కాదు, ఖాళీ దొరికినప్పుడల్లా వెళ్లి కూచునేదాన్ని. అన్నం కూడా అక్కడే తిన్నాను. నవంబరు వానలు పట్టాయి. బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియోలో రోజూ చెబుతున్నారు. గదిలో గోడలు చెమర్చి నోట్‌బుక్ అట్ట ఉబ్బింది. పదిహేడో రోజున మేడంగారికి జ్వరం వచ్చి కాలేజీకి రాలేదు. పద్దెనిమిదో రోజూ రాలేదు.

పద్దెనిమిదో రోజు పొద్దున్న పెద్ద లంక రెండువందల ఎనభై ఏడు. తరవాతి గంటకు రెండువందల తొంభై ఒకటి. తరవాత రెండువందల తొంభై. ఆగుతోందనుకున్నాను. స్టూలు తెరకు ఇంకా దగ్గరగా లాక్కున్నాను. మధ్యాహ్నం గంటకొట్టారు, పిల్లలు వరండాలో అరుస్తూ పోయారు. తెర మీద కొత్త వరస పడింది.

మూడువందల నలభై ఎనిమిది.

ఆగలేదు. ఎదురెదురుగా వచ్చాయి, కలిసిపోయాయి, అంతే.

పెన్సిలు మొన కాయితం మీద ఆనించాను. రేపు ఈ వేళకు ఈ వరసలు తెర మీద నుంచి పోతాయి. జ్వరంలో ఉన్న ఆవిడ వచ్చి చూడలేరు. రెండువందల తొంభై, తొంభై ఒకటి, తొంభై, ఎనభై తొమ్మిది. ఎలా వెయ్యాలో నాకు బాగా వచ్చు. ఇంత బాగా వచ్చిన పని ఇంకొకటి లేదు. అలా తొమ్మిది వరసలు వేస్తే ఆవిడకు డిగ్రీ వస్తుంది, నేను చేసిన తప్పు కూడా తప్పు కాకుండా పోతుంది. మా ఆయన బతికుంటే ఒక్క క్షణం ఆలోచించేవాడు కాదు.

మూడువందల నలభై ఎనిమిది అని రాశాను. వానలో నోట్‌బుక్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని ఆవిడ గదికి వెళ్లాను.

ఆవిడ దుప్పటి కప్పుకుని మంచం మీద కూచున్నారు. నన్ను చూడగానే అడిగారు:

"ఆగిందా?"

"లేదండి."

నోట్‌బుక్ తీసుకుని ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి చూశారు. వేలు మూడువందల నలభై ఎనిమిది దగ్గర నిలిచిపోయింది.

"చూసే రాసేరా?"

"ప్రతిదీ పడ్డప్పుడు అక్కడే ఉన్నానండి."

బయట వాన జోరుగా పడుతోంది. ఆవిడ నెమ్మదిగా అన్నారు:

"అప్పుడు ఆగే ఉండొచ్చు, తెలుసా? ఒక్కో పరుగూ ఒక్కోలాగ. మీరు చూడని ఆ తొమ్మిది గంటలూ అది ఆగే ఉండొచ్చు. మీరు వేసిందే నిజం అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చండి."

"కాదని ఎవరూ చెప్పలేరు."

"చెప్పలేరండి."

ఆవిడ నా మొహంలోకి చూశారు. ఎందుకో నాకు ఆ క్షణంలో ఆవిడంటే భయమేసింది. నేను రాసిన అబద్ధం ఆవిడ కళ్లలో నిలబడి నన్ను చూస్తున్నట్టుంది. తల దించుకున్నాను. దించుకున్న తల ఎత్తకుండానే, "నేను చూళ్లేదండి" అన్నాను.

ఆవిడ నోట్‌బుక్ మూశారు. "మంచినీళ్లివ్వండి" అన్నారు. ఇచ్చాను.

ఆ అధ్యాయం ఆవిడ రాయలేదు. గ్రాఫులో మూడువందల పన్నెండు దగ్గర గీత తెంపేసి, తొమ్మిది గంటల ఖాళీ వదిలి, మళ్లీ మూడువందల డెబ్భై ఒకటి దగ్గర మొదలుపెట్టారు. కింద ఇంగ్లీషులో ఒక వాక్యం రాశారు. చదివించుకున్నాను. ఈ సమయంలో కొలతలు లేవు, అని. గైడుగారు రెండు ఉత్తరాలు రాశారు, ఫోనులో కోప్పడ్డారు. డిసెంబరు ఆఖరి వారంలో సన్నటి థీసిస్ ఒకటి విశాఖపట్నం వెళ్లింది. వేసవి రాకముందే వెనక్కి వచ్చింది. ఇది చాలదన్నారట. గడువు ఇక పొడిగించలేమని పేరు తీసేశారు. స్టాఫ్ రూములో వంతెన జోకు మళ్లీ మొదలైంది. ఆవిడ కూడా వాళ్లతో నవ్వడం నేను విన్నాను. అది వినకుండా ఉంటే బాగుండేది.

నేను చెప్పకపోతే ఆవిడకు డిగ్రీ వచ్చేదేమో. చెప్పడం మంచిదైందని ఆవిడ ఎప్పుడూ అనలేదు. నా మీద కోపం ఉందని కూడా అనలేదు.

జూన్‌లో కాలేజీ తెరిచాక ఒకరోజు ల్యాబు వెనక గదిలో కంప్యూటరు చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే ఆవిడ కూచుని ఉన్నారు. తెర మీద ఎర్ర చుక్కలు, పసుపు చుక్కలు.

"ఇప్పుడెందుకండి?"

"ఆగుతాయో లేదో చూద్దామని" అన్నారు. "ఇప్పుడు తొందరేం లేదు కదా."

కొత్త నోట్‌బుక్ నా చేతికిచ్చారు. ఆ పరుగూ, దాని తరవాత ఇంకా చాలా పరుగులూ నేనే రాశాను. లంకలు ఒక్కోసారి ఆగకుండా కలిసేవి, ఒక్కోసారి మూడు నాలుగు గంటలు ఎదురెదురుగా ఉండిపోయేవి. ఒకే అంకె వరసగా రెండుసార్లు పడినప్పుడు, అది నిజంగానే పడినా, నా చెయ్యి కాయితం మీద ఆగిపోయేది. లేచి వెళ్లి, క్లాసులో ఉంటే క్లాసు గుమ్మంలో నిలబడి, ఆవిడను పిలుచుకొచ్చేదాన్ని. ఆవిడ తెర వైపు చూసి, "ఆయ్, అదే" అనేవారు. అప్పుడు రాసేదాన్ని.